గుంత మీది రెండు పలకలు

కల్వకుర్తిలో చెక్క నేల ఉన్న ఇల్లు నాకు తెలిసి మాదొక్కటే. రాళ్ళకు కరువు లేని ఈ పాలమూరు గడ్డ మీద ఎవరింట్లో చూసినా బండలో గ్రానైటో ఉంటే, మా ముందు గదిలో మాత్రం టేకు పలకలు. కొత్తగా వచ్చినవాళ్ళు లోపల అడుగు పెట్టగానే కింద డొల్లగా మోగేసరికి ఆగిపోయి నా మొహం చూసేవాళ్ళు. “ఏం గాదు, లోపలికి రాండ్రి” అనడం నా నోటికి అలవాటైపోయింది. పోయిన వానాకాలం దాకా ఆ నేల గురించి నేను అంతకు మించి ఆలోచించింది లేదు. ఇప్పుడు ఆలోచించకుండా ఒక్క పూట గడవడం లేదు.

ఆ పలకలు షోకుకు వేసినవి కావు. మాది సాలెవాడ, నేతవాళ్ళ వీధి. ఒకప్పుడు ఆ గదిలో నాలుగు గుంత మగ్గాలు ఆడేవి. గుంత మగ్గం చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: నేలలో తొడల లోతు గుంత తవ్వుతారు. నేసే మనిషి గట్టు మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలను తొక్కుతూ నేస్తాడు. తెలంగాణ వచ్చిన ఏడాది మా మామ వెంకటనర్సు ఆ మగ్గాలు విప్పేశారు. నేను కోడలిగా వచ్చిన కొత్త. ఆయన ఏడుస్తారేమోనని భయపడ్డాను. ఆయన మాత్రం చేతులు దులుపుకుని “పోనియ్” అన్నారు, అంతే. మూడు గుంతలు మట్టి పోసి పూడ్పించి, కిటికీ కింద ఉన్న తన గుంతను మాత్రం అలాగే ఉంచుకున్నారు. మగ్గాల కర్రా, పాత ఇంటి దూలాలూ కోయించి పలకలు చేయించి గదంతా పరిపించారు. తన గుంత మీద వచ్చే రెండు పలకలను బిగించనివ్వలేదు. ఎత్తడానికి వేలు దూరేంత సందు పెట్టించుకున్నారు.

ఆ గది మా ఇంటికి బస్టాండు లాంటిది. వీధిలోంచి వంటింటికి పోవాలన్నా, పెరట్లో బోరు దగ్గరికి పోవాలన్నా దాన్ని దాటాల్సిందే. నా భర్త శివకృష్ణ మొబైల్ షాపుకు పోయేదీ, మా అమ్మాయి అక్షిత బడి సంచి విసిరేసేదీ, అత్తమ్మ ఉప్పలమ్మ బియ్యం చెరిగేదీ అక్కడే. ఓ పక్క నా కుట్టు మిషను, ఇంకో పక్క నేను జాకెట్ల మీద పూసలు కుట్టే మగ్గం వర్క్ చట్రం. ఆ చట్రాన్ని చూసినప్పుడల్లా మామ నన్ను ఆట పట్టించేవారు. “నులక లేని మంచానికి మగ్గమని ఎవలు పేరు పెట్టిండ్రు బిడ్డా” అనేవారు. నేను “నీ మగ్గం అన్నం పెట్టకపాయె, గీ మంచమే పెడుతున్నది మామా” అంటే గట్టిగా నవ్వేవారు.

పొద్దు వాలేటప్పుడు గిరాకీ కాస్త పలచబడుతుంది. అప్పుడు మామ ఆ రెండు పలకలూ ఎత్తి గోడకు ఆనించి, గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వదిలేవారు. లోపల మగ్గం లేదు, తొక్కడానికి చెక్కలు లేవు. ఉట్టి మట్టి. అలా కూర్చుని చాయ్ తాగేవారు, అక్షిత చేత ఎక్కాలు చెప్పించుకునేవారు, వీధిలో పోయేవాళ్ళను పేరు పెట్టి పిలిచేవారు. పొద్దు గుంకాక పలకలు మళ్ళీ మూసి అన్నానికి వచ్చేవారు. ఊళ్ళో కొందరు దీన్ని పిచ్చి అనుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ పూట ఆయన అక్కడ కనపడకపోతే ఇల్లు ఇల్లులా ఉండేది కాదు.

ఇంతమంది తొక్కిన చెక్క ఎన్నేళ్ళని బాగుంటుంది. పలకలు గీరుకుపోయి, అంచులు లేచి, పేళ్ళు లేచాయి. అక్షిత అరికాల్లో పేడు విరిగి చీము పట్టింది. ఆషాఢం మొదట్లో పక్కింటి సుగుణమ్మ తన గద్వాల చీరకు ఫాల్ వేయించుకోవడానికి వచ్చి కూర్చుంది. లేచేసరికి అంచు పలకకు పట్టుకుని జర్రున పోగు లాక్కుపోయింది. చీరను మడతపెట్టుకుంటూ ఆ పోగును నిమిరింది చూడండి, తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర శివకృష్ణ మాట తీశాడు. “టైల్స్ ఏపిద్దాం బాపు. శ్రావణంల గిరాకీ మొదలయ్యేలోపట అయిపోతది.”

“ఏపియ్యి” అన్నారు మామ పెరుగు కలుపుకుంటూ. “నన్ను గూడ సిమెంట్ల కలిపి ఏపియ్యి.”

“అన్నం ముందట గవేం మాటలయ్యా” అంది అత్తమ్మ.

శివకృష్ణ తండ్రికి ఎదురు చెప్పే మనిషి కాడు. కాసేపు ఫోను చూసుకుని, పాత చెక్క నేలను కొత్తగా మార్చే వీడియో ఒకటి మామ కళ్ళ ముందు పెట్టాడు. మిషనుతో పైపొర రుద్దేసి పాలిష్ వేస్తే అద్దంలా అయింది. మామ దాన్ని రెండోసారి కూడా పెట్టించుకుని చూశారు. ఆయన ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

“రుద్దుడే అయితే నేను గూడ రుద్దుత” అన్నారు. “గని కిటికీ కింది రెండు పలకలు బిగియ్యొద్దు. నా టైము వచ్చినప్పుడు నన్ను గాడనే దించాలె. మా తాతను గాడనే దించిండ్రు, మా నాయినను గాడనే దించినం. చెక్క మీద పానం పోతే మంచం మీద పోయినట్టేరా. మట్టి తగలాలె.”

మంచం మీద ప్రాణం పోకూడదనీ, ఆఖరి ఘడియలో మనిషిని కిందికి దించాలనీ మా వైపు అందరి ఇళ్ళల్లోనూ ఉన్నదే. కానీ మా ఇంట్లో కింద అంటే మగ్గం గుంత గట్టు. పైగా ఆయన అన్నాకే నాకు తట్టింది, మా ఇంట్లో ఇంకెక్కడా మట్టి లేదు. వీధికి సీసీ రోడ్డు పడింది. పెరడు బోరు వేసినప్పుడే సిమెంటు అయిపోయింది. తులసికోటలో మట్టి కూడా నర్సరీ నుంచి సంచిలో వచ్చిందే.

“సరే బాపు, గవి ముట్టం” అన్నాడు శివకృష్ణ.

పనికి పరశురాం వచ్చాడు. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద ఇళ్ళకు పాలిష్ చేసి, తల్లికి బాగాలేదని ఊరికి తిరిగొచ్చిన వడ్రంగి. నన్ను వదినా అని పిలిచేవాడు. చేయి ఎంత ఆడేదో నోరు అంతకు రెండింతలు ఆడేది. ముందు గది ఖాళీ చేయించి ఇంటిని రెండు ముక్కలు చేశాడు. వంటింట్లోకి పోవాలంటే మేమంతా పక్క సందులోంచి చుట్టూ తిరిగి పెరటి తలుపున రావాలి. నా మిషను పొయ్యి పక్కకు చేరింది. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు పోపు ఘాటుకు తుమ్ముతూ చేతులు చాపేవాళ్ళు. మిషను తిరుగుతున్నంతసేపూ ఎర్రటి పొట్టు ఇల్లంతా లేచేది. అన్నంలో పొట్టు, పాలల్లో పొట్టు, అక్షిత జడలో పొట్టు. అత్తమ్మ పప్పు గిన్నె మీద మూత తీస్తూ “గీ ఇల్లు బాగయ్యేలోపల మనం కరాబయితం” అని సణిగేది.

మామ ఆ రోజుల్లో పదేళ్ళు చిన్నవారయ్యారు. తువ్వాల మూతికి కట్టుకుని, గరుకు కాగితం పట్టుకుని, మిషను అందని మూలలన్నీ ఆయనే రుద్దారు. పైపొర పోయేకొద్దీ కింద నుంచి పాత మగ్గాలు బయటపడ్డాయి. ఒక పలక మీద గుండ్రటి మచ్చ చూపించి “గిది మా నాయిన మగ్గం కాలు” అనేవారు. ఇంకో పలక మీద పిల్లవాడి చేతి గాట్లు ఉన్నాయి.

“చిన్నప్పుడు కత్తితోని నేనే చెక్కిన. తన్నులు తిన్న” అని నాకు చూపించారు.

“గాట్లు లోతుకున్నయ్ పెద్దయ్యా, ఉంచితే పాలిష్ సక్కగ కూసోదు” అన్నాడు పరశురాం.

మామ వాటి మీద ఒకసారి వేలు పెట్టి తీశారు. “పోనియ్” అన్నారు. మిషను రెండుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి అవి లేవు.

వానలు పట్టుకున్నాయి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, గిరాకీ ఉండదు కాబట్టి ఆ నెలలో పని పెట్టుకున్నాం కానీ, తడి గాలికి పాలిష్ ఆరదన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. వేసిన పాలిష్ మీద పాల మీగడలాగా తెల్లటి పొర కట్టింది. పరశురాం తల పట్టుకుని మళ్ళీ రుద్ది మళ్ళీ వేశాడు. ఫ్యాన్లు పెట్టాం, తలుపులు మూశాం, తెరిచాం. ఆరిన పలకలను కింది అడ్డకర్రలకు కొత్త స్క్రూలతో బిగించి, ఆ స్క్రూ తలలను లోపలికి దింపి, పైన చెక్కపొట్టు కలిపిన లప్పం పూసి, దాని మీద పాలిష్ పట్టించాడు. ఆ పని గురించి చెప్పేటప్పుడు అతని ఛాతీ ఉప్పొంగేది.

“స్క్రూ కనబడ్డదంటే గది పని గాదు వదినా. నేను బిగిచ్చింది నాకే దొరకొద్దు.”

కిటికీ కింద ఆ రెండు పలకలను మాత్రం రుద్ది, పాలిష్ వేసి, ఊరికే పరిచాడు. చేసిన పనిలో అవి అతనికి నచ్చలేదు. “గంత మంచిగ చేసి, పన్ను ఊడిన నోరు లెక్క గిదేంది పెద్దయ్యా” అన్నాడు. మామ నవ్వారు.

శ్రావణం వచ్చింది. నేల మెరిసిపోయింది. కిటికీ ఊచలు దాంట్లో కనపడేవి. సుగుణమ్మ వచ్చి చీర కుచ్చిళ్ళు పరిచి మరీ కూర్చుంది. వచ్చిన ప్రతి మనిషీ వంగి చేత్తో తాకి చూసేవాళ్ళు. శుక్రవారాలకు, వ్రతాలకు, పెళ్ళిళ్ళకు జాకెట్లు కుప్పపడ్డాయి. ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు, కానీ అంత సంతోషంగా నేను ఎన్నడూ పని చేయలేదు. మామ కూడా పొద్దు వాలగానే పలకలు ఎత్తుకుని కూర్చునేవారు. అయితే రుద్దుడుకు అరిగి కాస్త పలచబడ్డాయేమో, తిరిగి మూశాక అవి మునుపటిలా బిర్రుగా కూర్చునేవి కావు. తొక్కితే కొద్దిగా ఊగేవి. మేం ఇంట్లోవాళ్ళం వాటి మీద కాలు వేయం కాబట్టి పట్టించుకోలేదు.

అఖిల మా వాడ కోడలే. ఆరో నెల. సీమంతానికి జాకెట్ కుట్టించుకోవడానికి అత్తగారితో వచ్చింది. కొలతలిచ్చి, భుజం మీద బట్ట వేసుకుని, అద్దంలో ఇంకా బాగా కనపడాలని రెండడుగులు వెనక్కి వేసింది. కిటికీ కింది పలక ఒక పక్క లేచింది. ఆ పిల్ల కాలు మోకాలి పైదాకా గుంతలోకి దిగబడి, దభీమని కూలబడింది. నేను చేతిలో టేపుతో అలాగే నిలబడిపోయాను. అఖిల అరవలేదు, రెండు చేతులతో కడుపు పట్టుకుంది. ఆమె అత్త అరిచిన అరుపుకు వీధంతా వచ్చింది.

దవాఖానకు తీసుకుపోయాం. స్కానింగ్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం చూపించారు. ఏం కాలేదు, కాలు గీరుకుపోయింది, అంతే. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. కానీ సాయంత్రం అఖిల భర్త మా గడప ముందు నిలబడ్డాడు.

“ఇంట్ల గుంత పెట్టుకొని దుకాణం నడుపుతరా? నా పెండ్లానికి ఏమన్న అయితే ఎవలు జవాబు? మీ ముసలాయన షోకుకు మేం పానాలు ఇయ్యాల్నా?”

అతనిది న్యాయమే. శివకృష్ణ తల వంచుకుని నిలబడ్డాడు. లోపల కిటికీ దగ్గర మామ పలక చేతిలో పట్టుకుని ఉన్నారు, ఎత్తబోతున్నారో మూయబోతున్నారో నాకు తెలియలేదు. అతను వెళ్ళిపోయాక దాన్ని యథాస్థానంలో పెట్టేసి, ఆ పూట గుంతలో కూర్చోకుండానే అన్నానికి వచ్చారు.

తెల్లవారి మామ చొక్కా వేసుకుని ఎటో పోయారు. గుడికనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు వెంట పరశురాం ఉన్నాడు, చేతిలో పెట్టెతో.

“గవి గూడ బిగియ్యి” అన్నారు మామ కిటికీ వైపు చూపిస్తూ.

అత్తమ్మ చేటలో బియ్యం ఆపేసింది. “మరి నువ్వన్న మాటేంది?”

“నలుగురు నడిచే జాగ. పోనియ్.”

శివకృష్ణ నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. తండ్రి మొహం, తల్లి మొహం చూసి, నురగ ఉమ్మేసి వచ్చి తండ్రి భుజం మీద చేయి వేశాడు. “నువ్వేం ఫికర్ చెయ్యకు బాపు. బిగిచ్చినా స్క్రూలే గద. ఎప్పుడంటే అప్పుడు తీస్తం. ఐదు నిమిషాల పని.”

మామ తలూపారు. అత్తమ్మ మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికల్లా పరశురాం పని ముగించి నన్ను పిలిచాడు. “చూపెట్టు వదినా, ఇప్పుడు బిగిచ్చినయ్ ఏవో.” నేను వంగి వెతికి రెండు పలకలు చూపించాను. అవి కావు. అతను పకపకా నవ్వాడు. అంత నున్నగా కుదిరినందుకు నేనూ నవ్వాను.

మర్నాటి నుంచి పొద్దు వాలితే మామకు ఏం చేయాలో తెలిసేది కాదు. కిటికీ కింద నేల మీద కూర్చోబోయేవారు. బతుకంతా కాళ్ళు గుంతలోకి వదిలి కూర్చున్న మనిషి, ఆయనకు కాళ్ళు మడవడం రాదు. మోకాళ్ళు పైకి లేచి నిలబడేవి, నడుము వెనక్కి పడేది, లేవాలంటే కిటికీ ఊచలు పట్టుకోవాల్సి వచ్చేది. శివకృష్ణ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. కుర్చీలో కూర్చుంటే ఆయన పాదాలు వాటంతటవే ఒకటి మార్చి ఒకటి ఆడేవి, మగ్గం తొక్కినట్టు.

“కాళ్లు ఊపకయ్యా, ఇంటికి అరిష్టం” అంది అత్తమ్మ ఒకరోజు అలవాటుగా.

ఆయన ఆపేశారు. ఆ తర్వాత కుర్చీని వీధి గడప దగ్గర వేసుకుని సీసీ రోడ్డును చూస్తూ కూర్చునేవారు. అక్షిత ఎక్కాలు చెబుతుంటే ఊఁ కొట్టేవారు, తప్పు చెప్పినా ఊఁ కొట్టేవారు. అన్నం తగ్గింది. చాయ్ చల్లారిపోయేది. నాకు భయం వేసి “జర డాక్టర్‌కు చూపిద్దాం” అని శివకృష్ణతో అన్నాను. చూపించాం. బలం మందులు రాసిచ్చారు.

వినాయక చవితి డప్పులు మోగుతున్న రోజుల్లో జ్వరం వచ్చింది. నూలు దుమ్ము తిన్న ఊపిరితిత్తులు, నెమ్ము పట్టుకుంటే వదలలేదు. మహబూబ్‌నగర్ తీసుకుపోయాం. అక్కడ కొన్నాళ్ళు ఉంచుకుని, ఒక పొద్దున డాక్టరు శివకృష్ణను పక్కకు పిలిచి ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్సులో మామ కళ్ళు తెరిచి “ఏడికి” అన్నారు.

“ఇంటికి బాపు.”

ఆ మాటకు ఆయన మొహం ఎంత తేటపడిందో నేను చూశాను. అత్తమ్మ కూడా చూసింది.

ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. మధ్యాహ్నం వాన పడి వెలిసింది. మామ ఊపిరిలో గుర్రుమనే చప్పుడు మొదలైంది. అత్తమ్మ ఆయన పాదాలు పట్టుకుని చూసి, లేచి, మామూలు గొంతుతోనే అంది.

“శివా, పలకలు తియ్యి.”

నేనూ ఆమే కలిసి మామను మంచం మీంచి కిందికి దించాం. మనిషి ఎంత తేలికైపోయారో. శివకృష్ణ స్క్రూ డ్రైవర్ తెచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చుని అలాగే ఉండిపోయాడు. నేల అద్దంలా ఉంది. ఎక్కడా ఒక చుక్క లేదు, గీత లేదు. ఏవి ఆ రెండు పలకలో కూడా తెలియడం లేదు. అరచేత్తో నిమిరాడు. ఫోను లైటు ఏటవాలుగా వేసి చూశాడు. గోళ్ళతో గీకాడు.

“దొరుకుతలేవమ్మా” అన్నాడు చిన్నపిల్లాడిలా.

పరశురాంకు ఫోను చేశాడు. అతను మళ్ళీ హైదరాబాద్ పనికి పోయాడు. వెనక మిషను మోతలో అరుస్తున్నాడు. “గోడ నుంచి జానెడు వదిలి, అడ్డకర్ర మీద ఉంటయ్ అన్నా.”

“అడ్డకర్ర ఏడున్నదో పైకెళ్లి ఎట్ల తెలుస్తదిరా?”

కత్తి తెచ్చి జానెడు కొలిచి గీకాడు. పాలిష్ లేచింది, లప్పం లేచింది, కింద ఉట్టి చెక్క. ఇంకో చోట గీకాడు. ఇంకో చోట. నాలుగో చోట స్క్రూ తల తగిలింది. అది తిప్పి బయటికి తీసేసరికి అతని చొక్కా తడిసిపోయింది. రెండోది ఎక్కడుందో మళ్ళీ తెలియలేదు. సుగుణమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“లోపలి గదిల బండల మీద దించుదాం వదినా, టైము లేదు” అంది అత్తమ్మతో మెల్లగా.

“గాడ ఆయన ఎన్నడు కూసున్నడు?” అంది అత్తమ్మ.

శివకృష్ణ లేచి పెరట్లోకి ఉరికాడు. గడ్డపార పట్టుకుని వచ్చి పలకల సందులో పోటు వేశాడు. ఆ చప్పుడుకు మామ కళ్ళు తెరిచారు. పెదాలు కదిలాయి. తల దగ్గర ఉన్నది నేను కాబట్టి నేనే వంగి విన్నాను.

“ఏమంటున్నడు?” అన్నాడు శివకృష్ణ, గడ్డపార ఎత్తి పట్టుకుని.

నేను చెప్పాను. “పోనియ్ అంటున్నడు. మంచిగ చేపిచ్చినవట. పలకలు కరాబైతయట.”

శివకృష్ణ చేతులు కిందికి జారాయి. కొడుకు మీద ప్రేమతో తండ్రి అన్న మాట అది, కానీ అంతకంటే బరువైన మాట ఏ కొడుకైనా వినగలడా. అత్తమ్మ మాత్రం మామ పాదాలు వదలకుండానే తలెత్తింది. ఆమె కళ్ళల్లో అంత కోపం నేను చూడడం అదే మొదలు.

“కొట్టు. ఆయన మాట ఇనకు. జిందగంత గట్లనే అన్నడు.”

శివకృష్ణ కొట్టాడు. టేకు అంత త్వరగా విరిగే చెక్క కాదు. మళ్ళీ కొట్టాడు. ఏడుస్తూ కొట్టాడు. పలక చివర చీలి జానెడంత లేచింది. లోపలి చీకట్లోంచి తడి మట్టి వాసన ఒక్కసారిగా గదంతా కమ్మింది. ఆ వాసన మామకు తగిలిందో లేదో నాకు తెలియదు. తగిలిందని అనుకోవాలని ఉంటుంది. నేను తిరిగి చూసేసరికి ఆయన చూపు కిటికీ మీద నిలిచిపోయి ఉంది. ఒళ్ళు నున్నటి పాలిష్ మీదే ఉంది.

అత్తమ్మ ఆయన పాదాలు నేల మీద ఆనించి, పాక్కుంటూ ఆ చీలిక దగ్గరికి పోయింది. చేయి లోపలికి పెట్టింది. మోచేయి దాకా పోయింది, భుజం దాకా పోయింది. చెంప పలకకు ఆనించి ఇంకా చాపింది. గుంత లోతు. మట్టి అందలేదు.

దినాలు అయిపోయాయి. బతుకమ్మకు పిల్లలు పూలు తెస్తున్న రోజుల్లో పరశురాం వచ్చాడు. చీలిన పలక పక్కన గొంతుక్కూర్చుని చేత్తో తడిమి చూసి, శివకృష్ణ వైపు తిరిగాడు.

“అన్నా, కొత్త ముక్క అతికిచ్చి లప్పం పెట్టి పాలిష్ చేస్త. ఎవలకు తెల్వకుంట చేస్త.”

“తెలువాలె” అన్నాడు శివకృష్ణ.

పరశురాం చాయ్ తాగి పోయాడు. ఆ పలక ఇప్పటికీ అలాగే ఉంది. మళ్ళీ పెళ్ళిళ్ళ కాలం వచ్చింది, గది మళ్ళీ మనుషులతో నిండింది. వచ్చినవాళ్ళు నేల మెరుపు చూసి ఆగుతారు, కిటికీ దగ్గరి చీలిక చూసి నా మొహం చూస్తారు. “అటు గాదు, గిటు నుంచి రాండ్రి” అనడం ఇప్పుడు నా నోటికి అలవాటవుతోంది.